కాబార్ కత్తి తోలు పిడికి బూజు పట్టింది, కొబ్బరి నూనె రాయొచ్చా?

మీరు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో రాసేస్తాను, లేకపోతే కింద నేను రాసేదానికి తలాతోకా ఉండదు. మీ బావగారు అమెరికా నుంచి కాబార్ కత్తి తెచ్చిచ్చారు, ఏడంగుళాల బ్లేడుతో గోధుమరంగు తోలు పిడితో వచ్చే పాత మిలిటరీ మోడల్. మీరుండేది విశాఖలో, అరకు, లంబసింగి వైపు క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడల్లా పట్టుకెళ్తున్నారు. రెండో వానాకాలం వచ్చేసరికి పిడి మీద తెల్లగా ఏదో పట్టింది, గార్డు (బ్లేడుకీ పిడికీ మధ్య అడ్డంగా ఉండే ఇనుప పట్టీ) పక్కన నల్లమచ్చ తేలింది, తోలు బిళ్ళల మధ్య ఒకచోట గోరు దూరేంత సందు వచ్చింది. నాన్నగారేమో కొబ్బరి నూనె రాయమంటున్నారు, ఒక వీడియోలో నీట్స్‌ఫుట్ ఆయిల్ అన్నారు, ఇంకో వీడియోలో పిడి మొత్తానికి ఫెవిక్విక్ తాగించారు. ఎవరి మాట వినాలి, అసలు తోలు పిడి మన వాతావరణానికి ఆగుతుందా అని మీ టెన్షన్.

ఆగుతుంది. కొబ్బరి నూనె వద్దు, నీట్స్‌ఫుట్ అసలే వద్దు, ఫెవిక్విక్ ఇప్పుడే వద్దు. బూజు తుడిచి, బాగా ఆరనిచ్చి, తేనెమైనం పల్చగా పట్టించండి, చాలు. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు, ఎందుకో తెలుసుకోవాలంటే కిందది చదవండి, కాస్త పొడుగే.

ఈ పిడి విషయంలో అందరూ చేసే పొరపాటు ఒక్కటే. తోలు అనగానే మనకి చెప్పులు, బూట్లు, బెల్టు గుర్తొస్తాయి. వాటికి నూనె పెడతాం, ఎందుకంటే అవి వంగాలి, వంగకపోతే పగులుతాయి. కత్తి పిడి వంగాల్సిన పని లేదు, వంగకూడదు కూడా. అందులో ఉన్నది తోలే అయినా దాని ఉద్యోగం చెక్కది. ఎలాగంటే, బ్లేడు వెనకభాగం సన్నబడి ఒక ఇనుప తోకలా సాగుతుంది, మధ్యలో చీలిక కోసిన తోలు బిళ్ళల్ని ఒకదాని తర్వాత ఒకటి ఆ తోకకి ఎక్కిస్తారు, గారెలు పుల్లకి గుచ్చినట్టు అనుకోండి. అన్నీ ఎక్కాక గట్టిగా అదిమి, చివర ఇనుప బిళ్ళ పెట్టి బిగిస్తారు. ఇప్పటి కాబార్లలో ఆ చివరి బిళ్ళకి అడ్డంగా పిన్ను దిగ్గొడతారు, కొన్ని కత్తులకి నట్టు ఉంటుంది, కొన్నిటికి తోక కొసనే సుత్తితో కొట్టి చదును చేస్తారు. ఆ తర్వాత పిడి మొత్తాన్ని బెల్టు గ్రైండర్ మీద చెయ్యి పట్టుకి తగ్గట్టు అరగదీస్తారు. అంటే మీ చేతికి తగిలేది తోలు పైభాగం కాదు, తోలు అంచులు. ఆ అంచులు అదిమి ఉన్నంతకాలం చెక్కంత గట్టిగా ఉంటాయి, చెమట పట్టినా తడిసినా చెయ్యి జారదు, లంబసింగి చలిలో పొద్దున్నే పట్టుకుంటే ఇనుములా చురుక్కుమనదు. అందుకే జనానికి ఈ పిడంటే అంత ఇష్టం.

నాలాంటి వాడి మాట మీద నమ్మకం లేకపోతే సుత్తిని చూడండి. ఇలినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో 1923 నుంచి ఎస్ట్‌వింగ్ అనే కంపెనీ సుత్తులు చేస్తోంది, తలా కాడా ఒకే ఉక్కు ముక్క, పట్టుకునేచోట ఇవే తోలు బిళ్ళలు, పైన గట్టి వార్నిష్. జియాలజీ చదివిన మా మేనమామ కొడుకు దగ్గర వాళ్ళ రాళ్ళు కొట్టే సుత్తి ఉంది. ఎండలో, బురదలో, జీపు వెనక సీటు కింద పడి దొర్లి దొర్లి ఆ పిడి నల్లబడి ఈతగింజలా నున్నగా అయింది తప్ప ఒక్క బిళ్ళ ఊడలేదు. దానికి వాడు ఏనాడూ నూనె రాసిన పాపాన పోలేదు.

మీ కత్తి సంగతికొస్తే, అమెరికా మెరైన్లు దీన్ని 1942 నవంబరులో తీసుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధం నడిమధ్యన. వాళ్ళు వెళ్ళింది పసిఫిక్ దీవులకి, అంటే మన గోదావరి జిల్లాల జులై నెలని ఏడాది పొడవునా పెట్టుకున్నట్టుండే చోటుకి. అలాంటి తేమలో తోలు పిడులు కుళ్ళిపోవడం నిజమే. 1944లో కార్బైన్ తుపాకీ కోసం వచ్చిన ఎం4 బయొనెట్‌కి, అంటే తుపాకీ మొనకి తగిలించే కత్తికి, మొదట తోలు పిడే ఉండేది, తర్వాతి కాలంలో ప్లాస్టిక్ పిడికి మారారు. అయితే అదే యుద్ధం నాటి కత్తులు, కంపెనీ వేసిన తోలుతోనే, ఎనభై ఏళ్ళ తర్వాత కూడా కలెక్టర్ల దగ్గర గట్టిగా ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే, నెలల తరబడి ఆరకుండా తడిలో ఉన్నవి పోయాయి, తడిసినా మళ్ళీ ఆరినవి మిగిలాయి. తోలుని తడి ఒక్కటే చంపదు. తడి లోపలే ఉండిపోవడం చంపుతుంది, తడిసిన తోలుని గబగబా వేడి పెట్టి ఎండబెట్టడం ఇంకా తొందరగా చంపుతుంది.

ఇందులో రెండోది నేను నా చేతులారా చేశాను. పదకొండేళ్ళు సియాటిల్ దగ్గర ఉన్నాను. అక్కడ పడమర వైపు హో అనే వర్షారణ్యం ఉంది, ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన, చెట్ల కొమ్మలన్నిటికీ నాచు గడ్డాలు వేలాడుతుంటాయి. కాస్కేడ్ కొండలు దాటి తూర్పుకి వెళ్తే యాకిమా, ఏడాదికి ఎనిమిది అంగుళాలు పడితే గొప్ప, అంటే మన అనంతపురం కన్నా ఎండు. ఒకసారి హోలో మూడు రోజులు క్యాంపు చేసి, కత్తి తడిసి ఉబ్బి, వేలితో రాస్తే బిళ్ళల అంచులు మెట్లలా తగులుతున్నాయి, సరే ఆరుతుందిలే అని అలాగే కారులో పడేసి వారం తిరక్కుండా యాకిమా వెళ్ళాను. ఆగస్టు నెల. కారు డాష్‌బోర్డు మీద మధ్యాహ్నమంతా ఉండిపోయింది. సాయంత్రం తీసి చూస్తే గార్డుకీ మొదటి బిళ్ళకీ మధ్య కార్డు ముక్క దూరేంత ఖాళీ, పిడి పట్టుకుని తిప్పితే కటకట చప్పుడు. బెరడు కషాయంలో పదును చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు 70, 80 డిగ్రీల వేడి తగిలితే ముడుచుకుపోతుంది, ఇక వెనక్కి రాదు. పచ్చి తోలు అయితే ఇంకా తక్కువ వేడికే ముడుచుకుంటుంది. ఎండలో మూసి పెట్టిన కారు డాష్‌బోర్డు ఆ దరిదాపులకి వెళ్తుంది. కాబట్టి తడిసిన పిడిని పొయ్యి పక్కన, క్యాంప్ ఫైర్ పక్కన, కారు అద్దం కింద పెట్టొద్దు. నీడలో, ఫ్యాను కింద, రెండు మూడు రోజులు. అంతకన్నా తొందర పనికిరాదు.

బెరడు కషాయం అన్నాను కదా, అది కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ నల్లమచ్చ కథ అక్కడే ఉంది. ఇలాంటి పిడులకి వాడేది మామూలుగా క్రోమియం ఉప్పుతో పదును చేసే క్రోమ్ తోలు కాదు, చెట్ల బెరడు, కాయల రసంతో పదును చేసిన తోలు. మన దగ్గర ఆ పని తరతరాలుగా తంగేడు చెక్కతో, తుమ్మ చెక్కతో, కరక్కాయతో చేశారు. వీటన్నిటిలో వగరు ఉంటుంది, టానిన్ అంటారు. టానిన్‌కి ఇనుము, తడి రెండూ కలిస్తే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి, పెడన వెళ్ళి కలంకారీ చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. గుడ్డని ముందు కరక్కాయ పాలలో ముంచి ఆరబెడతారు, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానేసి ఆ నీళ్ళతో గీత గీస్తారు, గీసిన క్షణంలో లేతగా ఉండి చూస్తుండగానే కారునలుపు అవుతుంది. మీ కత్తి గార్డు దగ్గర జరిగింది అచ్చంగా అదే. తోలులో వగరు ఉంది, గార్డు ఇనుము, విశాఖ గాలి తడి. అది కుళ్ళు కాదు, రంగు. చెరపాలని నిమ్మకాయ రుద్దకండి, ఆ పులుపు లోపలికి దిగి ఇనుప తోకకి తుప్పు పట్టిస్తుంది.

కానీ ఆ మచ్చని పట్టించుకోకుండానూ వదిలేయొద్దు, అది కబురు మోసుకొచ్చింది. నీళ్ళు ఎక్కడి నుంచి లోపలికి వెళ్తున్నాయో అది చూపిస్తోంది. పిడి పైన ఎంత పూత పూసినా నీళ్ళు దిగేది రెండు చోట్ల: గార్డుకీ తోలుకీ కలిసే గీత దగ్గర, చివరి ఇనుప బిళ్ళ దగ్గర. అక్కడి నుంచి లోపల తోక మీదికి పోతే పైకి ఏమీ కనపడదు, లోపల తుప్పు పెరుగుతుంది. కాబార్ బ్లేడు 1095 రకం కార్బన్ స్టీలు, స్టెయిన్‌లెస్ కాదు, తుప్పు దానికి చుట్టం. ఒక చేత్తో గార్డునీ ఇంకో చేత్తో చివరి బిళ్ళనీ పట్టుకుని తువ్వాలు పిండినట్టు మెల్లగా తిప్పి చూడండి. కదలకపోతే బేఫికర్. కదిలితే మైనంతో పని కాదు, కింద చెప్తాను.

ఇక ఆ తెల్లది. తెల్లగా కనిపించిందంతా బూజు కాదు, ఇది చాలామందికి తెలీదు. తోలులో ఉన్న కొవ్వు చల్లబడి పైకి తేలి గడ్డకట్టినా తెల్లటి పొడిలాగే ఉంటుంది. తేల్చుకోవడం తేలిక: హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద ఒక అడుగు దూరం నుంచి అర నిమిషం పెట్టండి. మాయమైతే కొవ్వు, కరిగి లోపలికి పోయింది, గుడ్డతో తుడిచేస్తే సరి. మాయం కాకుండా దూది పీచులా అలాగే ఉంటే, దగ్గరగా చూస్తే ఆకుపచ్చో బూడిదరంగో చుక్కలుంటే, పాత పుస్తకాల బీరువా వాసన వేస్తే, బూజు.

బూజు అయితే బయట వరండాలో తుడవండి, లోపల దులిపితే ఆ పొడి మీ బట్టల బీరువాలోకి వెళ్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో బిళ్ళల సందులన్నీ గీకండి. తర్వాత మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గుడ్డకి తడిపి తుడవండి, పిడి మీద పోయొద్దు. ముందు చివరి బిళ్ళ పక్కన కొంచెం చోట తుడిచి చూడండి, గుడ్డకి జిగటగా పూత అంటుకుంటే పిడి మీద లక్క లాంటి పాలిష్ ఉందన్నమాట, స్పిరిట్ దాన్ని కరిగించేస్తుంది. అలాంటప్పుడు నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో సరిపెట్టుకోండి. వెనిగర్ రాయమని ఎవరో ఒకరు చెప్తారు, వద్దు, కార్బన్ స్టీలు పక్కన పులుపు పెట్టడం ఎందుకు. తుడిచాక మూడు రోజులు ఫ్యాను కింద. ఈ మూడు రోజులు ఎగ్గొట్టి మైనం పూస్తే తడిని లోపల పెట్టి తలుపేసినట్టే.

ఇప్పుడు నూనెల పంచాయితీ. నాన్నగారిని తప్పు పట్టడం లేదు, మా ఇంట్లో కూడా కత్తిపీట దగ్గర్నుంచి తలుపు గొళ్ళెం దాకా అన్నిటికీ కొబ్బరి నూనే మందు. బ్లేడుకి రాస్తే ఏ ఇబ్బందీ లేదు, పల్చగా రాసి తుడవండి, కూరగాయలు కోసుకున్నా భయం లేదు. పిడికి ఎందుకు వద్దంటే, కొబ్బరి నూనె ఎన్నేళ్ళున్నా ఆరి గట్టిపడే రకం కాదు. తోలులోకి దిగి అక్కడే తడిగా తిరుగుతుంటుంది. ఇరవై నాలుగు, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అంటే శీతాకాలం అరకు వెళ్ళారంటే ఇందాక చెప్పిన తెల్లపొడి మీరే కొని తెచ్చుకున్నట్టు. పైగా బూజుకి కొవ్వంటే విందు భోజనం. నువ్వుల నూనె, వేరుశెనగ నూనె అయితే ఇంకా దారుణం, కొన్నాళ్ళకి జిగటగా మారి కంపు కొడతాయి. ఆముదం ఆరదు. ఆరి గట్టిపడే రకం అవిసె నూనె, దాన్ని చెక్క పిడులకి వాడతారు, తోలుకీ కొందరు వాడతారు, కానీ బాగా నల్లబరుస్తుంది, మందంగా పూస్తే జిడ్డు పొరలా పగులుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు, ఇది కబుర్లకి చెప్పడం లేదు, పరిచి ఆరబెట్టండి.

నీట్స్‌ఫుట్ ఆయిల్ అంటే పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె. గుర్రం జీనుకి, బేస్‌బాల్ గ్లవ్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది, తోలుని వెన్నలా మెత్తబరుస్తుంది. మెత్తబరచడమే దాని పని. 2012లో అనుకుంటా, సంతలో పాత వేట కత్తి ఒకటి కొన్నాను, ఇత్తడి గార్డు, ఎండిపోయిన తోలు పిడి. పాపం దాహంగా ఉందనిపించి నీట్స్‌ఫుట్ బాగా పూసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఉంచాను, తెల్లారి చూస్తే మొత్తం తాగేసింది, సంతోషంగా ఇంకోసారి పూశాను. వారానికి పిడి బొటనవేలితో నొక్కితే లోపలికి దిగుతోంది, వదిలితే చుట్టూ నూనె చెమర్చుతోంది. కట్టెలు చీలుద్దామని పట్టుకుంటే చేతిలో రబ్బరు గొట్టంలా మెలి తిరిగింది. పైగా ఇత్తడి గార్డు చుట్టూ ఆకుపచ్చ చిలుము, మైనంలా పేరుకుంది. తోలులోని కొవ్వు ఇత్తడిలోని రాగిని తింటే వచ్చేది అదే, అగ్గిపుల్లతో గీకితే వస్తుంది, రెండు నెలలకి మళ్ళీ వస్తుంది. ఆ పిడి మళ్ళీ గట్టిపడలేదు, చివరికి కోసేసి బిళ్ళలన్నీ కొత్తవి వేశాను. నా అనుభవంలో నిర్లక్ష్యం వల్ల పోయిన తోలు పిడుల కన్నా ప్రేమ ఎక్కువై పోయినవే ఎక్కువ చూశాను. మింక్ ఆయిల్, షూ కండిషనర్, కివీ పాలిష్ డబ్బా, వీటికీ ఇదే మాట, బూట్లకి వాడుకోండి.

మైనం ఎందుకు మంచిదంటే అది లోపలికి దూరి మెత్తబరచదు, అంచుల మీద కూర్చుని నీటిని ఆపుతుంది. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది, విశాఖ ఎండకి చేతిలో కారిపోదు. తేనె అమ్మేవాళ్ళని అడిగితే దొరుకుతుంది, ఏజెన్సీ వైపు సంతలకి వెళ్ళినప్పుడు అడిగి చూడండి, ముద్ద ముట్టుకుంటే కొంచెం బంకగా తేనె వాసన రావాలి, తెల్లగా కొవ్వొత్తిలా ఉంటే పారఫిన్ కలిపారని అనుమానించండి. ఒక వంతు మైనం తురిమి, రెండు వంతుల టర్పెంటైన్ కలిపి, గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరగనివ్వండి. స్టవ్ ఆపేసి, నీళ్ళు పక్కకి తెచ్చుకుని చెయ్యండి, టర్పెంటైన్ ఆవిరి మంట కనిపిస్తే చాలు భగ్గుమంటుంది. చల్లారితే వెన్నలాంటి ముద్ద అవుతుంది. పాత జీన్స్ ముక్కతో బఠాణీ గింజంత తీసుకుని, ముందు గార్డు దగ్గరి గీతకీ, చివరి బిళ్ళ దగ్గరి గీతకీ వేలితో గట్టిగా కూరండి, కిటికీ అద్దానికి లప్పం పెట్టినట్టు. మిగిలింది పిడి అంతా పల్చగా. గంట ఆగి, అదే జీన్స్ ముక్క పొడివైపుతో చెయ్యి వేడెక్కేదాకా రుద్దండి. ఆ రాపిడి వేడికే మైనం అంచుల్లోకి సర్దుకుంటుంది, పిడి మెల్లమెల్లగా మెరుస్తుంది. రుద్దడం అయ్యాక వేలితో తాకితే జిడ్డు తగలకూడదు, తగిలిందంటే ఎక్కువ పూశారు. మర్నాడు ఇంకోసారి. ఆ తర్వాత వానాకాలం ముందు ఒకసారి, వానాకాలం తర్వాత ఒకసారి, అంతే. ప్రతి ఆదివారం వద్దు.

ఇంత తంటా ఎందుకు అనుకుంటే రెనసాన్స్ వాక్స్ అని దొరుకుతుంది, 1950ల్లో బ్రిటిష్ మ్యూజియంలో పాత వస్తువుల కోసం తయారుచేసిన మైనం, బ్లేడుకీ పిడికీ రెండిటికీ ఒకటే డబ్బా. ఖరీదు ఎక్కువ, కానీ డబ్బా ఏళ్ళ తరబడి వస్తుంది. నేను బ్లేడుకి అది వాడి పిడికి ఇంట్లో చేసిందే వాడతాను, అది అలవాటు, అంతకన్నా కారణం లేదు.

గట్టి పూత కావాలనుకుంటే ఫెవిక్విక్ కన్నా ముందు లక్క ఆలోచించండి. వడ్రంగులు స్పిరిట్ పాలిష్ అంటారు చూశారా, లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించినది, అదే. మీకు దగ్గర్లోనే ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకి తిరుగుతున్న కర్ర మీదే లక్క అద్దుతారు, ఆ బొమ్మలు పిల్లలు ఎంత నలిపినా మెరుపు పోదు. పిడికి పల్చటి లక్క నాలుగు పొరలు, ఒక్కో పొర ఆరాక ఇంకోటి, పైన మైనం. నీటిచుక్క నిలబడితే తెల్లమచ్చ పడుతుంది, అది ఒక్కటే దాని బలహీనత, మైనం పూస్తే అదీ తగ్గుతుంది. దీని మంచి గుణం ఏమిటంటే నచ్చకపోతే స్పిరిట్‌తో తుడిచేయొచ్చు. ఫెవిక్విక్ లాంటి జిగురు తాగిస్తే తోలు ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది నిజమే, నీళ్ళు దూరవు, కానీ ఇక వెనక్కి రాదు, అరచేతిలో గాజుముక్కలా జారుతుంది, లోపల తడి ఉండగా పోస్తే తుప్పుని సీలు వేసినట్టు. పగుళ్ళిచ్చి పొడి రాలుతున్న పాత పిడిని బతికించడానికి ఆఖరి మందుగా నేనూ వాడాను. మీది ఆ స్థితికి రాలేదు. వాడినా కిటికీలు తీసి వాడండి, తోలు మీద ఒక్కసారిగా పోస్తే వేడెక్కి పొగ వస్తుంది, కళ్ళు మండుతాయి.

సందు గురించి. ముందు వారం ఆగండి. ఎండాకాలం ఏసీ గదిలో ఉంచితే బిళ్ళలు ఆరి కుంచించుకుపోయి సందు వస్తుంది, వానాకాలం గాలికి దానంతట అదే మూసుకుంటుంది. మీది వానాకాలంలోనే కనిపిస్తోంది కాబట్టి మూసుకునే రకం కాకపోవచ్చు. నట్టున్న కత్తయితే నట్టు పావు తిప్పు బిగిస్తే పోతుంది, మీది పిన్ను రకం, బిగించడానికి ఏమీ లేదు. చెప్పులు కుట్టే అతని దగ్గర బెల్టులకి వాడే గట్టి తోలు పల్చటి ముక్క ఒకటి అడిగి, సందు మందానికి ఇంకో వెంట్రుక ఎక్కువుండేలా చెక్కించి, గుర్రపు నాడా ఆకారంలో కోసి, అరాల్డైట్ జిగురు పూసి పక్క నుంచి తోయండి. తోక దాటి అవతలి అంచుకి తగలాలి. ఒకరోజు గుడ్డ చుట్టి వదిలేసి, 220 నంబరు శాండ్‌పేపర్‌తో పైకి వచ్చిన అంచు మిగతా పిడితో సమానంగా రుద్దండి, ఆపైన 400. చేతికి తెలియదు, కంటికి కొంచెం తెలుస్తుంది. ఇందాక చెప్పిన తిప్పే పరీక్షలో పిడి కదిలిందంటే మాత్రం ఈ ముక్క పెట్టి మోసపోవద్దు. పిన్ను తీయించి, తోకని తుప్పు పోయేదాకా గీకించి, బిళ్ళలన్నీ కొత్తవి వేయించాలి. లేత్ మెషీన్ దగ్గర పిన్ను తీయగలిగిన మనిషి దొరికితే మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు, ఒక ఆదివారం పని.

దాచేటప్పుడు కత్తిని ఒరలో పెట్టకండి. చాలామంది కత్తి కొన్నాక చేసే రెండో పొరపాటు ఇది. ఒర కూడా అదే వగరు తోలు, గాల్లో తడిని పీల్చి పెట్టుకుంటుంది, బ్లేడు మీద ఒర ఆకారంలో తుప్పు గీస్తుంది. కత్తిని పాత కాటన్ గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే గింజల రకం తీసుకుంటే ఎప్పుడు తడి పీల్చాయో కంటికి కనిపిస్తుంది, పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్ళీ పనిచేస్తాయి. డబ్బా మరీ గాలి ఆడకుండా మూసేస్తే జెల్ అయిపోయిన రోజు నుంచి అది బూజు పెంచే కుండీ అవుతుంది, నెలకోసారైనా తీసి చూడండి. బీరువా అట్టడుగున, గోడకి ఆనించి, వద్దు. ఎలుకలున్న ఇల్లయితే డబ్బా తప్పనిసరి, చెమట ఉప్పు పట్టిన తోలంటే వాటికి ప్రాణం. సియాటిల్‌లో నా పక్కింటి లాబ్రడార్ ఒక రాత్రి మా వరండాలో మిగతావన్నీ వదిలేసి కత్తి పిడి ఒక్కటే నమిలింది, అర బిళ్ళ వెతికినా దొరకలేదు.

క్యాంపుకి వెళ్ళినప్పుడు వానలో తడిస్తే తడవనివ్వండి, దానికే చేశారు. టెంటులోకి రాగానే గుడ్డతో తుడిచి, ఒరలోంచి బయటికి తీసి, గాలి తగిలేలా పడుకోబెట్టండి. నిలబెడితే బ్లేడు మీది నీళ్ళు గార్డు దగ్గరికే జారతాయి. ఆర్కే బీచ్‌లో, భీమిలిలో చేపలు శుభ్రం చేస్తే మంచినీళ్ళతో వెంటనే కడిగి ఆరబెట్టండి, నానబెట్టొద్దు. ఉప్పు లోపల మిగిలితే గాల్లో తడిని పిలుచుకుంటూనే ఉంటుంది, ఆ పిడి ఇక ఎప్పటికీ పూర్తిగా ఆరదు. సుత్తిలా చివరి ఇనుప బిళ్ళతో టెంటు మేకులు కొట్టడం సినిమాల్లో బావుంటుంది, పిన్ను వదులవుతుంది, రాయి దొరక్కపోతే చెప్పండి.

నెలలో ఇరవై రోజులు తడిలో, పడవ మీద, చేపల పనిలో ఉండేవాళ్ళు అడిగితే మాత్రం తోలు కొనమని చెప్పను. అదే కాబార్ కత్తి రబ్బరు లాంటి క్రేటాన్ పిడితో వస్తుంది, అది తీసుకోమంటాను. మీరు ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు అంటున్నారు, మీకు ఈ తోలే బావుంటుంది, చేతి చెమటకి రంగు ముదిరి మూడేళ్ళకి మీ చేతి ఆకారం దానికొస్తుంది.

ముందు ఆ గార్డూ బిళ్ళా పట్టుకుని తిప్పే పరీక్ష చెయ్యండి బ్రదర్. కదలకపోతే ఈ ఆదివారం బూజు తుడవండి, వచ్చే గురువారం మైనం పెట్టండి, కొబ్బరి నూనె సీసా నాన్నగారి చేతికే ఇచ్చి బ్లేడుకి ఆయన్నే రాయమనండి. నల్లమచ్చ పక్కన బాల్‌పెన్‌తో చిన్న చుక్క పెట్టి ఉంచుకోండి, దసరా నాటికి మచ్చ ఆ చుక్క దాటిందంటే నీళ్ళు ఇంకా దిగుతున్నట్టే, అప్పుడు గార్డు దగ్గర మైనం మళ్ళీ కూరాలి.